మీ జీవితంలో ఒక్క సంఖ్యను గుణించుకునే అవకాశం వస్తే దేనిని ఎంచుకుంటారు?

పుటల బాటసారి:
కొన్ని రోజులుగా నన్ను వదలని ఒక ఊహను మీ ముందు పెడుతున్నాను. మన జీవితంలో కొలవగలిగినది ఏదైనా ఒకటి ఎంచుకుని, దాని విలువను 10తో గుణించుకునే అవకాశం ఒకే ఒక్కసారి దొరికిందని అనుకుందాం. నియమాలు మూడే. ఆ సంఖ్య ఇప్పటికే మీ జీవితంలో ఉన్నదై ఉండాలి. ఒకసారి గుణించిన తరువాత వెనక్కి తీసుకునే వీలుండదు. డబ్బును మాత్రం ఎంచుకోకూడదు; దానిని అనుమతిస్తే అందరమూ ఒకే సమాధానం చెప్పి చర్చను అక్కడే ముగించేస్తాం.

నా ఎంపిక నేను చదివే వేగం. గడియారం పెట్టుకుని చూసుకుంటే వచన పుస్తకంలో నిమిషానికి సుమారు 150 పదాలు చదువుతున్నానని తేలింది. నా అలమరలో ఇంకా తెరవని పుస్తకాలు 212 ఉన్నాయి. ఏడాదికి 15 పుస్తకాల చొప్పున చదివితే వాటికి 14 ఏళ్లు పడుతుంది. వేగం పదింతలైతే ఏడాదిన్నరలోపే పూర్తవుతాయి. మీరు దేనిని ఎంచుకుంటారో, ఎందుకు ఎంచుకుంటారో చెప్పండి. ఏదైనా సంఖ్యను నిజంగానే పెంచుకున్న అనుభవం ఉన్నవారు అది ఎలా సాధ్యపడిందో కూడా రాస్తే సంతోషిస్తాను.

గణితాభిమాని:
ప్రశ్న చాలా బాగుంది. అయితే సమాధానాలు రావడానికి ముందే నియమాలలో రెండు విషయాలు తేల్చుకోవాలని నా అభిప్రాయం. మొదటిది, గుణకం 10 మాత్రమే కావాలా, లేక 10కి మించని ఏ ధన సంఖ్య అయినా పనికివస్తుందా? మన జీవితంలో తగ్గితేనే మేలు చేసే సంఖ్యలు చాలా ఉన్నాయి. వాటికి సగం, పదోవంతు వంటి భిన్నాలు కావాలి. రెండవది, ఏ కొలమానంలో గుణిస్తున్నామో ముందే చెప్పాలి. ఉదాహరణకు శరీర ఉష్ణోగ్రతనే తీసుకోండి. 37 డిగ్రీల సెల్సియస్‌ను 1.1తో గుణిస్తే 40.7 వస్తుంది, అది తీవ్రమైన జ్వరం. అదే ఉష్ణోగ్రతను ఫారెన్‌హీట్‌లో 98.6గా రాసి గుణిస్తే 108.46 వస్తుంది, అది సెల్సియస్‌లో 42.5తో సమానం కనుక ప్రాణాపాయం. వేడి బొత్తిగా లేని స్థితినే సున్నాగా తీసుకునే కెల్విన్ కొలమానంలో గుణిస్తే ఫలితం 68 డిగ్రీల సెల్సియస్ అవుతుంది. శరీరం ఒకటే, గుణకం ఒకటే, ఫలితాలు మాత్రం మూడు. సెల్సియస్‌లోనూ ఫారెన్‌హీట్‌లోనూ సున్నా అంటే వేడి బొత్తిగా లేకపోవడం కాదు, మనం ఎంచుకున్న ఒక గుర్తు మాత్రమే. అందువల్లే అక్కడ ‘ఇన్ని రెట్లు’ అనే మాటకు అర్థం నిలవదు.

పుటల బాటసారి గారి ఎంపికపై నాకొక సందేహం ఉంది. చదివేటప్పుడు కన్ను వరుస వెంట జారుతూ పోదు. ఒకచోట నిలిచి, అక్కడి నుంచి గెంతి, మళ్లీ నిలుస్తుంది. ఒక్కో నిలుపు సుమారు పావు సెకను ఉంటుంది, ఆ నిలుపులో స్పష్టంగా కనిపించే అక్షరాలు కొన్నే. నిమిషానికి 1,500 పదాలంటే సెకనుకు 25 పదాలు, అంటే ఒక్కో నిలుపులో ఆరు పదాలకు పైగా పట్టుకోవాలి. కాబట్టి వేగాన్ని ఒక్కదాన్నే గుణిస్తే సరిపోదు, కన్ను స్పష్టంగా చూడగలిగే మేర కూడా దానితో పాటు పెరగాలి. అది రెండవ సంఖ్య అవుతుంది.

పుటల బాటసారి:
రెండు సూచనలనూ అంగీకరిస్తున్నాను. గుణకం 10కి మించని ఏ ధన సంఖ్య అయినా కావచ్చు, భిన్నాలు కూడా చెల్లుతాయి. కొలమానాన్ని మాత్రం ముందుగా చెప్పాలి. నా ఎంపికను నేను మళ్లీ ఆలోచించుకోవాలి.

పొట్టి ప్రయాణికుడు:
నేను నా ఎత్తును 1.1తో గుణించుకుందామనుకున్నాను. 160 సెంటీమీటర్లు 176 అవుతుంది. కానీ శరీరపు ఆకృతి మారకుండా ఎత్తు పెరిగితే బరువు దాని ఘనానికి అనుగుణంగా, అంటే 1.331 రెట్లు పెరుగుతుందని, అప్పుడు నా 55 కిలోలు 73 దాటుతాయని లెక్క వేసుకుని చూశాను. ఎముకల అడ్డుకోత వైశాల్యం మాత్రం ఎత్తు వర్గానికి అనుగుణంగా 1.21 రెట్లే పెరుగుతుంది. 10తో గుణిస్తే బరువు వెయ్యి రెట్లు, ఎముకల అడ్డుకోత వంద రెట్లు పెరిగి, ఒక్కో ఎముకపై ఒత్తిడి పదింతలవుతుంది. గెలీలియో 1638లోనే ఈ సంగతిని వివరించాడు. నా ఎత్తు నాకు చాలు.

మూడో వరుస పంతులమ్మ:
నేను ఎంచుకునేది చాలా చిన్న సంఖ్య, దానిని నిజంగానే పెంచుకున్నాను కూడా. తరగతిలో ప్రశ్న అడిగిన తరువాత సమాధానం కోసం నేను ఎదురుచూసే కాలం అది. ఒక సహోద్యోగి నా పాఠాన్ని ధ్వనిముద్రణ చేసి ఇచ్చినప్పుడు, ప్రశ్నకూ నా తరువాతి మాటకూ మధ్య నిండా ఒక సెకను కూడా లేదని విని నాకు చాలా బాధ కలిగింది. ఆ ఒక్క సెకనులోనే నేను మరొకరి పేరు పిలుస్తున్నాను, లేదా సమాధానం నేనే చెప్పేస్తున్నాను. ఇది నా ఒక్కదాని సంగతి కాదని తరువాత తెలిసింది. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల దశకంలో విజ్ఞానశాస్త్ర తరగతులను గమనించి, ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, దానిని మూడు సెకన్లకు పెంచితే పిల్లల సమాధానాల నిడివి పెరుగుతుందని, తమంతట తాముగా మాట్లాడేవారు ఎక్కువవుతారని, మౌనంగా ఉండిపోయేవారు తగ్గుతారని చూపించారు.

మూడు సెకన్లు ఎంత పొడవో తరగతిలో నిలబడి చూస్తే తప్ప తెలియదు. మొదటి వారమంతా మనసులో ‘ఒకటి, రెండు, మూడు’ అని లెక్కపెట్టుకుంటూ, బల్ల అంచును వేళ్లతో గట్టిగా పట్టుకుని నిలబడేదాన్ని. రెండవ వారంలో, ఆ ఏడాది అంతవరకు ఒక్కసారి కూడా నోరు విప్పని ఒక అబ్బాయి, రెండున్నర సెకన్లు గడిచాక, ‘దీనికి ఇంకో దారి కూడా ఉంది కదండీ’ అన్నాడు. ఆ దారి నా పాఠ ప్రణాళికలో లేదు. నాకు కావలసిన గుణకం 3 మాత్రమే. పది సెకన్లు ఆగి కూడా చూశాను; అంతసేపు ఆగితే పిల్లలు ప్రశ్నను వదిలేసి నా ముఖంలో సమాధానం వెతకడం మొదలుపెడతారు.

అరవై డెసిబెల్స్:
భిన్నాలను అనుమతించినందుకు కృతజ్ఞతలు, ఎందుకంటే నా సంఖ్య తగ్గవలసినది. నా రెండు చెవులకూ ధ్వని వినిపించడం మొదలయ్యే స్థాయి సుమారు 60 డెసిబెల్స్. మామూలు సంభాషణ కూడా దాదాపు ఆ స్థాయిలోనే ఉంటుంది కనుక, ఎదుటివారి మాట నాకు అందీ అందనట్టుగా చేరుతుంది. దానిని సగంతో గుణిస్తే 30 అవుతుంది. వినడానికి ఇది చిన్న కోరికలా అనిపిస్తుంది గానీ, డెసిబెల్ కొలమానంలో ప్రతి 10కి ధ్వని తీవ్రత పది రెట్లు మారుతుంది. కాబట్టి 30 డెసిబెల్స్ తగ్గాలని కోరడమంటే, ఇప్పటికంటే వెయ్యి రెట్లు సన్నని ధ్వనిని వినగలగాలని కోరడమే. గణితాభిమాని గారు కొలమానం చెప్పాలని ఎందుకు అన్నారో నాకు ఇక్కడే పూర్తిగా అర్థమైంది.

వినికిడి యంత్రం పెట్టుకున్న కొత్తలో నేర్చుకున్నది మరొకటి ఉంది. ధ్వనులన్నింటినీ ఒకే గుణకంతో పెంచితే మనిషి భరించలేడు. గుసగుసను వినిపించేంతగా పెంచిన యంత్రం తలుపు మూసిన చప్పుడును కూడా అంతగానే పెంచితే, అది చెవిలో దెబ్బలా తగులుతుంది. అందుకే ఇప్పటి యంత్రాలు సన్నని ధ్వనిని ఎక్కువగానూ, పెద్ద ధ్వనిని తక్కువగానూ పెంచేలా అమర్చి ఉంటాయి. నాకు సరిపోయే అమరిక కుదరడానికి నాలుగు నెలలు, ఆరు సార్లు సర్దుబాటు పట్టింది. ఐదవసారి సర్దుబాటు చేసిన తరువాత ఇంటికి వచ్చినప్పుడు, కాగితం మడిచేటప్పుడు చప్పుడు వస్తుందని మళ్లీ తెలిసింది. ఆ సాయంత్రం చేతికి అందిన కాగితాలన్నింటినీ మడిచి చూశాను.

పొత్తిళ్ల రాత్రులు:
మా పాపకు ఇప్పుడు రెండు నెలలు. నేను రోజుకు మొత్తం ఆరు గంటలు నిద్రపోతున్నాను, కానీ అది గంటన్నర చొప్పున నాలుగు ముక్కలుగా వస్తుంది. మొత్తం నిద్రను గుణించుకోవాలని నాకు లేదు. ఒక్కో ముక్క నిడివిని మూడుతో గుణిస్తే చాలు. పెద్దవారి నిద్రలో ఒక ఆవర్తం దాదాపు గంటన్నర ఉంటుందంటారు కనుక, నాకు ప్రతిసారీ ఒక్క ఆవర్తం పూర్తవుతూ ఉండగానే మెలకువ వస్తోంది. పోయిన వారం నుంచి రాత్రి ఒక పూట పాలు పట్టే పనిని మా వారు తీసుకున్నారు. ఇప్పుడు నాకు ఒక ముక్క నాలుగు గంటల దాకా వస్తోంది. మొత్తం ఇప్పటికీ ఆరు గంటలే, కానీ ఉదయాన్నే నా మాటలు నాకు అర్థమవుతున్నాయి.

నలభై అడుగులు:
తొడ ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగిన తరువాత, నడక చట్రం పట్టుకుని నేను వేయగలిగినవి రోజుకు 40 అడుగులు. అప్పుడు ఈ ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా 10తో గుణించమని చెప్పేదాన్ని. నిజానికి ఒకరోజు నేనే ఆ పని చేశాను. ఎవరూ చూడని వేళ గది చుట్టూ 400 అడుగులు నడిచాను. మరునాటికి కాలు వాచిపోయి, వారం రోజులు మంచం దిగలేదు.

నాకు వ్యాయామ చికిత్స చేసిన ఆమె కోప్పడలేదు, ఒక కాగితం మీద లెక్క వేసి చూపించింది. రోజుకు 5 శాతం పెంచితే 40 మరునాడు 42 అవుతుంది, రెండే అడుగులు ఎక్కువ. అదే పద్ధతిలో చక్రవడ్డీలా పెరుగుతూ పోతే 48 రోజులకు పదింతలు దాటుతుంది. ఆ కాగితాన్ని మంచం పక్కన గోడకు అంటించుకున్నాను. నాకు 48 రోజులు సరిపోలేదు, మధ్యలో నొప్పి వచ్చి ఆగిన రోజులతో కలిపి మూడు నెలలు పట్టింది. కానీ 400 అడుగులు నడిచిన రోజు కాలు వాయలేదు. అందుచేత నా సలహా ఏమిటంటే, అవకాశం వస్తే 10ని వదిలి 1.05ను కోరుకోండి, దానిని ప్రతిరోజూ వాడుకునేందుకు అనుమతి అడగండి.

పుటల బాటసారి:
ఒకే ఒక్కసారి అన్న నియమాన్ని మీ కోసం సడలిస్తున్నాను.

లోతు తెలియనివాడు:
నా విలువ సున్నా కావడం వల్ల చాలాసేపు ఇక్కడ ఏమీ రాయలేకపోయాను. 41 ఏళ్ల వయసు వరకు నేను ఈదగలిగిన దూరం 0 మీటర్లు. సున్నాను ఎంతతో గుణించినా సున్నాయే కనుక, ఈ అవకాశం నాకు దొరికినా నిరుపయోగమే. అప్పుడు నాకు కావలసింది కూడిక. ఆ మొదటి ఒక్క మీటరు రావడానికి 11 రోజులు పట్టింది. అందులో తొమ్మిది రోజులు ఈత కోసం కాదు, ముఖం నీటిలో ముంచి ఊపిరి వదలడం కోసమే పోయాయి. ఊపిరితిత్తుల నిండా గాలి ఉన్నప్పుడు చాలామంది శరీరాలు నీటిపై తేలతాయని నేర్పినవారు ఎన్నిసార్లు చెప్పినా, నా మెడ నమ్మలేదు. నమ్మిన రోజున తేలాను. ఒకటి నుంచి పది మీటర్లకు చేరడానికి మూడు రోజులే పట్టింది. ఇక్కడ సున్నా ఉన్నవారు ఇంకెవరైనా ఉంటే, దయచేసి గుణకం కోసం ఎదురుచూడకండి.

గణితాభిమాని:
సున్నా గురించి నేను మొదటే రాయవలసింది, మీరు నాకంటే బాగా రాశారు.

పుటల బాటసారి:
నేను నా ఎంపికను మార్చుకున్నాను. ఈ వారం అలమర ముందు కూర్చుని, చదివేసిన పుస్తకాలను ఒక్కొక్కటిగా తీసి, అందులో ఏముందో నాకు నేను చెప్పుకోవడానికి ప్రయత్నించాను. చాలావాటికి రెండు వాక్యాలు దాటి చెప్పలేకపోయాను. చెప్పగలిగినవన్నీ ఏదో ఒక కారణంగా రెండోసారి చదివినవే. కాబట్టి ఒక పుస్తకాన్ని నేను చదివే సార్లు నా సంఖ్య, ప్రస్తుతం అది 1, నా గుణకం 2. దీనివల్ల 212 పుస్తకాలకు 28 ఏళ్లు పడుతుందని తెలుసు. అందుకని వాటిలో 90 పుస్తకాలను ఇతరులకు ఇవ్వడానికి పక్కన పెట్టాను. గణితాభిమాని గారూ, అందరి లెక్కలూ సరిచేశారు గానీ మీ ఎంపిక ఇంకా చెప్పలేదు.

గణితాభిమాని:
పంతులమ్మ గారు రాసినది చదివినప్పటి నుంచి అది నా మనసులో ఉంది. ఒక లెక్క తేలకపోతే సమాధానం చూసే ముందు నేను ఆలోచించే సమయాన్ని కొలుచుకున్నాను. సగటున ఐదు నిమిషాలు వచ్చింది. నా గుణకం 10. నిన్న ఒక జ్యామితి సమస్య తీసుకుని పుస్తకం చివరి పుటలను దారంతో కట్టేసి కూర్చున్నాను. 32 నిమిషాల వరకు ఆగగలిగాను. సమస్య తేలలేదు, దారం కూడా విప్పలేదు. ఈ సాయంత్రం మళ్లీ కూర్చుంటాను.