ఉద్దియా, ఒద్దియా?

గుణుపురం: హైస్కూల్లో మా జీవశాస్త్రం మాస్టారు క్షయకరణ విభజన (క్రోమోజోముల సంఖ్యను సగం చేసే కణవిభజన) చెబుతూ ఒక పద్యపాదం చదివేవారు: “ఉద్ది యుద్దిఁ గూడి యొకటి చీలు”. ఉద్ది అంటే సాటి, జోడీ అని తెలుసు. మిగతా పాదాలు గుర్తు లేవు. గోధుమ సంకరాల మీద వ్యాసం రాస్తుంటే ఇదే నాలుక మీద ఆడుతోంది. మొదటి అక్షరం ‘ఉ’నా, ‘ఒ’నా? పద్యం ఎవరిది?

పర్లాకిమిడి: అయిదూ సూర్యగణాలే కనుక ఆటవెలదిలో రెండో పాదమో నాలుగోదో. వేమనలా ఉంది.

బరంపురం: ఆటవెలది కనిపిస్తే వేమన ఖాతాలో వేయడమేనా? యతి చూడండి. ‘యొకటి’లోని ఒకారానికి ‘ఉ’ సరిపోతుంది, ‘ఒ’ కూడా సరిపోతుంది. ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు.

రాయగడ: ‘ఒద్ది’యే అసలు రూపమని నా గట్టి అనుమానం. ఒద్దిక అందులోంచే పుట్టి ఉంటుంది.

పర్లాకిమిడి: ఒద్దికగా ఉన్నవాళ్లు ఎందుకు చీలతారమ్మా? ఆటలో సమాన బలం ఉన్న ఇద్దరు ఉద్దులై వస్తారు, నాయకులు చెరొకరినీ తీసుకుంటారు. క్రోమోజోములూ అంతే, జతకట్టి చెరో ధ్రువానికీ పోతాయి.

బరంపురం: జతకట్టిన క్రోమోజోములు మధ్యలో ముక్కలు మార్చుకోవడం వదిలేశారు. ఆటలో అది లేదు.

గుణుపురం: నా చిక్కు వేరు మాస్టారూ. రొట్టె గోధుమలో 42 క్రోమోజోములు. మూడు పూర్వజాతుల నుంచి వచ్చిన ఏ, బి, డి సముదాయాలు. 1ఏకు, అంటే ఏ సముదాయంలోని ఒకటో క్రోమోజోముకు, 1బి, 1డి కూడా దగ్గరి పోలికే, అయినా అది మరో 1ఏతోనే కూడుతుంది. ఆ కట్టడి 5బి పొడవు భుజంలోని పీహెచ్1 అనే జన్యువుది. 1958లో కేంబ్రిడ్జిలో రైలీ, చాప్‌మన్, అమెరికాలో సియర్స్, ఒకమోటో అనే శాస్త్రవేత్తలు 5బి పాత్రను బయటపెట్టారు. మరి ఉద్ది అంటే సొంత జతా, పోలిన పరాయిదా?

బరంపురం: పరాయిదే. కవలలను ఉద్దులనరు. ఉద్ది అంటే వేరే ఇంటి సాటివాడు.

రాయగడ: అలాగైతే మీ మాస్టారి పాదం పీహెచ్1 లేని గోధుమకే పనికొస్తుంది! గోధుమను రై అనే ధాన్యంతో సంకరం చేస్తే 28 క్రోమోజోములు వస్తాయి, దేనికీ సొంత జత ఉండదు, దాదాపు అన్నీ ఒంటరిగానే మిగులుతాయి. 5బి తప్పుకుంటే మాత్రం పోలికను బట్టి కూడతాయి. 1977లో సియర్స్ ప్రకటించిన, ఆ భాగం ఊడిపోయిన పీహెచ్1బి గోధుమ అందుకే పనికొచ్చింది.

పర్లాకిమిడి: దశమస్కంధంలో ప్రలంబుడు గుర్తొస్తున్నాడు. గోపబాలుడి వేషంలో ఆటలో కలిసి, ఓడినవాడు గెలిచినవాణ్ణి మోయాలన్న పందెం మీద బలరాముణ్ణి ఎత్తుకుపోయాడు. దొంగ ఉద్ది! పోతన ఆ ఆటను చెప్పే తీరు చదువుతుంటే రాక్షసుడున్నాడన్న సంగతే మరచిపోతాం. ఆ ఘట్టం మొత్తం ఇక్కడ పెట్టనా?

బరంపురం: పోతన దగ్గరికి వెళ్లారంటే మాస్టారు ఇవాళ వెనక్కి రారు. పైగా ఉపమ చెల్లదు. ప్రలంబుడు చచ్చాడు. గోధుమకు దొంగ ఉద్ది మేలే చేసింది. 1968లో రైలీ బృందం ఈజిలాప్స్ కోమోసా అనే అడవి గడ్డి నుంచి పసుపు తుప్పు తెగులును తట్టుకునే గుణాన్ని, పోలిన పరాయి క్రోమోజోములను కూడనిచ్చే తెచ్చింది.

గుణుపురం: సరే, ‘ఉ’నా, ‘ఒ’నా?

రాయగడ: ‘ఒ’.

పర్లాకిమిడి: గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు నాది. జనం నోటిమాటే నాకు ప్రమాణం. ఇక్కడి పిల్లలు ‘ఉద్ది’ అంటారు.

బరంపురం: మీ పిల్లలు ఇప్పుడు ఒడియాలో ఆడుకుంటున్నారు మాస్టారూ. ముందు పద్యం మొదటి పాదం వెతకండి.