‘తప్పక చదవవలసిన పుస్తకాలు’: ఇందులో కర్త ఎవరు?

ఈసారి చర్చకు పెడుతున్న మాట ‘తప్పక చదవవలసిన’.

‘మా అమ్మాయి చదవవలసిన పుస్తకం’ అంటే ఎవరు చదవాలో తెలుస్తుంది. ‘పరీక్షకు చదవవలసిన పుస్తకం’ అంటే ఎందుకో తెలుస్తుంది. ‘తప్పక చదవవలసిన వంద పుస్తకాలు’ అన్నప్పుడు ఈ రెండూ ఉండవు. కర్తను వదిలేసి మాట్లాడటం తెలుగుకు కొత్తేమీ కాదు, సందర్భాన్ని బట్టి మనమే పూరించుకుంటాం. ఈ శీర్షికలకు సందర్భం ఉండదు కనుక ‘అందరూ’ అని పూరించుకుంటున్నాం. జాబితాలో ఎన్ని దేశాలున్నాయి, ఎవరి పేర్లు లేవు అని లెక్కపెట్టే ముందు, జారిపోయిన ఆ మాటలను వెతికి మళ్లీ శీర్షికలో పెట్టాలని నా వాదన.

1998లో అమెరికా ప్రచురణ సంస్థ మోడరన్ లైబ్రరీ ప్రకటించిన వంద నవలల జాబితానే చూడండి. మొదటి స్థానం జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’కు దక్కింది, మూడో స్థానం కూడా ఆయనదే. అందులో టాల్‌స్టాయ్ లేడు, కాఫ్కా లేడు. ఎందుకు ఉంటారు? అది ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లీషులో వచ్చిన నవలల జాబితా. ఆ విశేషణం రాలిపోయి ‘వంద గొప్ప నవలలు’గా చేతులు మారినప్పుడు, రష్యా ఎందుకు లేదన్న ప్రశ్న పుడుతుంది. లేకపోవడానికి కారణం అభిరుచి కాదు, శీర్షికలో పోయిన ఒక్క మాట.

మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో ‘ల మోంద్’ పత్రిక జాబితా వచ్చింది. పాఠకులను అడిగింది గొప్ప పుస్తకాల గురించి కాదు, జ్ఞాపకంలో నిలిచిపోయిన వాటి గురించి. అదీ ముందే ఎంచి పెట్టిన రెండు వందల పుస్తకాల నుంచి. ఆల్బేర్ కామూ మొదట నిలిచాడు, రెండో స్థానం ప్రూస్ట్‌ది. ఆస్టెరిక్స్, టింటిన్ బొమ్మల కథలు కూడా వచ్చాయి. ‘జ్ఞాపకంలో నిలిచిన’ అనే ప్రశ్నకు ఇది నిజాయితీ గల జవాబే. దాన్ని ‘తప్పక చదవవలసిన’ అని మార్చి చెబితే పాఠకుడి జ్ఞాపకం కాస్తా ఇతరులకు ఆజ్ఞగా మారుతుంది.

అందుకే నాకు ‘చదవదగిన’ నచ్చుతుంది. ‘తగు’లో పుస్తకం విలువ ఉంది, పాఠకుడి మీద బరువు లేదు. మీరేమంటారు?

*

స్పందన: ‘చదవదగిన’ బాగుంది గానీ, నాకు అది కాస్త చప్పగా వినిపిస్తుంది. ఒక పుస్తకం మనిషిని పట్టి కుదిపేసినప్పుడు ‘చదివి తీరాలి’ అనే అంటాం. ఆ ఉద్వేగాన్ని తీసేయకండి.

దేశాల లెక్కలో నన్ను ఇబ్బంది పెట్టేది వేరే మాట: ‘ఆంగ్ల రచయిత’. ఇది దేశమా, భాషా? జాయిస్‌ను చాలామంది ఈ గడిలోనే వేస్తారు. ఆయన పుట్టింది డబ్లిన్‌లో, 1882లో. ‘యులిసిస్’ పుస్తకంగా అచ్చయింది పారిస్‌లో, 1922లో. ఐర్లాండ్ స్వతంత్ర రాజ్యంగా ఏర్పడిందీ ఆ ఏడాది చివరనే. ఒక్క పుస్తకానికి ఇన్ని ఊళ్లు, ఇంత చరిత్ర ఉంటే ‘ఆంగ్ల’ అనే మాట దేన్ని చెబుతున్నట్టు? ‘ఫ్రెంచి రచయిత’ కామూ పుట్టింది అల్జీరియాలో. కాఫ్కా పుట్టిన ప్రాగ్ అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోది, తర్వాత చెకోస్లొవేకియాలోది. ఆయన రాసింది మాత్రం జర్మన్‌లో. ఈయనను ఏ దేశం లెక్కలో వేస్తారు?

*

జవాబు: మీ మాట నిజం, ‘చదివి తీరాలి’ అనడంలోని వేడి నాకూ ఇష్టమే. అయితే అక్కడ అనే మనిషి కనిపిస్తాడు. ఒక స్నేహితుడు మరొకరితో అంటాడు. జాబితాకు ఆ ముఖం ఉండదు.

దేశం గురించి మీరన్నదానికి పూర్తిగా ఒప్పుకుంటాను. లెక్కవేసేవారు ‘భాష’, ‘దేశం’ అని రెండు వరుసలు విడిగా పెట్టుకోవాలి. ‘ఇంగ్లీషు నవల, ఐర్లాండ్ రచయిత’ అని రాస్తే తికమక ఉండదు. భాషకు ‘ఫ్రెంచి’, దేశానికి ‘ఫ్రాన్స్’ అని మనకు వేర్వేరు మాటలు ఉండనే ఉన్నాయి, వాడుకోవడమే తరువాయి.

*

స్పందన: మూడో వరుస కూడా కావాలంటాను: ఎంచినవారు ఏ భాషలో చదివారు? 2002లో నార్వే బుక్ క్లబ్ గొప్ప పుస్తకాలేవో చెప్పమని 54 దేశాల నుంచి వంద మంది రచయితలను అడిగింది. ‘డాన్ కిహోటె’కు అగ్రస్థానం ఇచ్చి, మిగతా పుస్తకాలకు వరుస సంఖ్యలు ఇవ్వలేదు. మహాభారతం, రామాయణం, కాళిదాసు శాకుంతలం అందులో ఉన్నాయి. అయినా ఎక్కువ పుస్తకాలు యూరప్ భాషలవే. దాస్తోయెవ్‌స్కీవే నాలుగు! ఓటు వేసినవారు 54 దేశాలవారైనా, వాళ్లకు చేరిన పరభాషా పుస్తకాలు చాలావరకు అనువాదాల దారిలో వచ్చినవే. ఆ దారి పెద్ద భాషల నుంచి చిన్న భాషలకు వెడల్పుగా ఉంటుంది, తిరుగుదారి చాలా ఇరుకు. అనువాదం కాని పుస్తకాన్ని ఎవరూ తిరస్కరించలేదు, అసలు ఎవరూ చూడనే లేదు. తిరస్కరించిన పుస్తకానికీ, చూడని పుస్తకానికీ జాబితాలో కనిపించేది ఒకే ఖాళీ. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

*

జవాబు: మూడో వరుస తప్పకుండా కావాలి. దానితో పాటు ఇంకొకటి గమనించండి. కెన్యా రచయిత గూగీ వా థియోంగో మొదట ఇంగ్లీషులో నవలలు రాశారు, తర్వాత తన మాతృభాష గికుయులోకి మారారు. గికుయులో ఆయన నవల 1980లో వెలువడింది, ఇంగ్లీషు అనువాదం కూడా ఆయనే చేశారు. రచయిత ఒకరే, దేశం ఒకటే, భాషలు రెండు. ఆయన పేరు దగ్గర భాష గడిని పేరు చూసి నింపలేం. ఏ పుస్తకం ఎంపికైందో, దాన్ని ఎంచినవారు ఏ భాషలో చదివారో చూసి నింపాలి.