అప్‌డేట్: ఫోర్ ప్రోబ్‌లో జెర్మేనియం బ్యాండ్ గ్యాప్ 0.30 ఎందుకు వచ్చింది

ల్యాబ్‌లో ఫోర్ ప్రోబ్ పద్ధతిలో (నాలుగు సూదులు ఆనించి రెసిస్టివిటీ, అంటే విశిష్ట నిరోధం, కొలవడం) జెర్మేనియం బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ విడివడి కరెంట్ మోయడానికి కావలసిన కనీస శక్తి) 0.67 బదులు 0.30 ఎలక్ట్రాన్ వోల్ట్లే వస్తోందని ఇంతకుముందు పోస్టులో అడిగాను కదా, కారణం దొరికింది. తప్పు పరికరంలో లేదు, గ్రాఫ్‌లో ఉంది. రెసిస్టివిటీకి బేస్ 10 లాగరిథమ్ తీసుకుని 1/ఉష్ణోగ్రతతో గ్రాఫ్ గీశాను, కానీ సూత్రంలో ఉన్నది సహజ లాగరిథమ్ కాబట్టి వాలును 2.303తో గుణించాలి, అది చేయలేదు. గుణిస్తే 0.69 వచ్చింది. ఈ లెక్కలో ఉష్ణోగ్రత కెల్విన్‌లోనే ఉండాలి, వాలును శక్తిగా మార్చడానికి వాడే బోల్ట్జ్‌మన్ స్థిరాంకం 8.617×10⁻⁵ ఎలక్ట్రాన్ వోల్ట్/కెల్విన్.

ఆ పోస్టు కింద మీరు చెప్పిన మిగతా జాగ్రత్తలూ తీసుకున్నాను. కరెంట్ 5 మిల్లీ ఆంపియర్ల దగ్గర స్థిరంగా ఉంచి, ప్రతి ఉష్ణోగ్రతలోనూ కరెంట్ దిశ మార్చి రెండు రీడింగులు తీసుకున్నాను. గుర్తు వదిలేసి వాటి సగటు తీస్తే థర్మో ఈఎంఎఫ్ (ఉష్ణోగ్రత తేడా వల్ల పుట్టే అదనపు వోల్టేజ్) పోతుంది. ఇలా దిశ మార్చడం మాత్రం ఎవరూ వదలకండి. ఓవెన్ వేడెక్కేటప్పుడు థర్మామీటర్, క్రిస్టల్ ఒకే ఉష్ణోగ్రతలో ఉండవు. అందుకే నెమ్మదిగా చల్లారుతుండగా రీడింగులు తీశాను. గది ఉష్ణోగ్రత దగ్గర గ్రాఫ్ వంగిన బిందువులు మలినాల ప్రభావానివి, వాటిని వాలులో కలపలేదు.