అప్‌డేట్: డయాలసిస్ మంచం మీద నాలుగు గంటలు

ఉగాదికి ముందు అడిగాను కదా, వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీద ఎలా గడపాలని, పండగ పచ్చడి తినొచ్చా అని. చాలామంది పుస్తకాలు చదవమన్నారు. నాకు ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, ఎడమ చేతికి ఉంది. సూదులు గుచ్చాక ఆ చెయ్యి కదపకూడదు. ఒంటి చేత్తో పుస్తకం పట్టుకుని పేజీ తిప్పి చూడండి, తెలుస్తుంది.

అందుకని వార్తల మీద పడ్డాను. కుడి బొటనవేలితో ఫోన్‌లో నాలుగు లైన్లు రాస్తున్నా. మొదటిది ఉద్దానం గురించే, శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ప్రాంతం, మాది ఆ వైపే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభించారు, హిరమండలం రిజర్వాయరు నీళ్ల పథకమూ అప్పుడే. మంచిదే. కానీ మొన్న వార్డు టీవీలో ఒకాయన "అంతా నీళ్ల వల్లే" అని తేల్చేస్తుంటే పక్క మంచం పెద్దాయన నవ్వాడు. "మా ఆవిడా అదే బావి నీళ్లు తాగింది కదరా, దానికేం కాలేదే!" అసలు కారణం ఇదీ అని పరిశోధకులే ఇంతవరకూ తేల్చలేదు. అదే రాశాను.

పచ్చడి సంగతంటారా, డైటీషియన్ గారు ఒక్క చెంచా ఒప్పుకున్నారు, అరటిపండు వేయకుండా. పొటాషియం భయం మరి, కిడ్నీలు పనిచేయకపోతే అది ఒంట్లో పేరుకుపోతుంది. ఆ చెంచాని పది నిమిషాలు చప్పరించాను!

బీపీ పడిపోయిన రోజు మాత్రం రాయను. శనివారం అదే జరిగింది. సగంలో ఆగిన వాక్యం ఇంకా ఫోన్‌లో అలాగే ఉంది.