ముప్పై ఏళ్ల కిందటి సీటు ఇంకా గుర్తొస్తోంది, మీకూ ఇలాంటివి ఉన్నాయా?

తెనాలి పిల్ల:

నాకిప్పుడు 48. 1994లో ఎంసెట్ రాస్తే వరంగల్ ఆర్ఈసీలో సివిల్ వచ్చింది. (ఇప్పటి పిల్లలకి అర్థం కావాలంటే, 2002లో ఎన్ఐటీ అయిన కాలేజీ అదే.) నాన్న నాలుగు రోజులు ఏమీ అనలేదు. ఐదో రోజు అన్నం తింటూ "అంత దూరం ఎందుకమ్మా" అన్నారు. అంతే. తెనాలిలో కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఎక్కడా మారకుండా వరంగల్‌లో దిగొచ్చు, ఆ సంగతి ఆయనకీ తెలుసు. నేను వాదించలేదు, కనీసం అలగను కూడా అలగలేదు. ఊళ్లోనే బీఎస్సీలో చేరాను, పెళ్లయింది, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తున్నాను. బాగానే ఉన్నాను, అబద్ధం ఎందుకు. కానీ దారిలో ఎక్కడైనా వంతెన కడుతుంటే బస్సు కిటికీలోంచి మెడ తిప్పి చూస్తూనే ఉంటాను, అది కనుమరుగయ్యేదాకా.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, మా అమ్మాయికి జోసా కౌన్సెలింగ్‌లో (ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు ఇచ్చేది అదే) కర్ణాటకలోని సూరత్కల్ ఎన్ఐటీ వచ్చింది. మన తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో సగం సీట్లు రాష్ట్రం పిల్లలకే కదా, అక్కడే వస్తుందిలే, ఆదివారం ఆదివారం వెళ్లి చూసి రావచ్చని నేను లెక్కలు వేసుకుంటుంటే, అది ఆప్షన్లలో సూరత్కల్‌ని దానికంటే పైన పెట్టుకుంది, నాకు మాట మాత్రం చెప్పకుండా. మొన్న రాత్రి ఫోన్ తెచ్చి చూపించింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా? "అంత దూరం ఎందుకే."

రాత్రంతా నిద్ర లేదు. నాన్నకి ఇప్పుడు 79. అప్పుడు ఎందుకు వద్దన్నారని ఆయన్ని ఇప్పుడు అడగొచ్చా? ఈ వయసులో అడిగితే దెప్పినట్టు ఉంటుందా? మీకూ ఇలాంటివి ఉంటే చెప్పండి.

కొండాపూర్ బాధితుడు:

నాది అందరూ చెప్పే కథే, నవ్వుకోండి. 1997లో మా మేనమామ స్కూటర్ ఎక్కించుకుని కొండాపూర్ తీసుకెళ్లి 200 గజాల స్థలం చూపించాడు. రాళ్లు, తుమ్మచెట్లు. "ఇక్కడ ఎవడుంటాడు మామా" అన్నాను. మరుసటి ఏడాది నవంబరులో వాజ్‌పేయి గారు వచ్చి ఆ పక్కనే సైబర్ టవర్స్ ప్రారంభించారు. అప్పట్నించి ప్రతి పెళ్లిలో భోజనాల దగ్గర ఇదే కథ చెప్తున్నాను. ఈమధ్య మా ఆవిడ అడిగింది, అసలు అప్పుడు నీ జీతం ఎంత అని. రెండు వేల నాలుగు వందలు. పదిహేనో తారీఖు దాటితే కిరాణా కొట్లో ఖాతానే గతి. కొనే స్తోమత లేనివాడికి అవకాశం పోవడం ఏంటండీ! మీ సంగతి వేరు, మీకు సీటు వచ్చింది. మా రియల్ ఎస్టేట్ ఏడుపుల్లో మీదాన్ని కలపకండి. అమ్మాయిని మాత్రం పంపండి.

98 బ్యాచ్:

నాది మార్కాపురం వైపు ఒక పల్లె. పేరు చూస్తే తెలిసిపోయి ఉంటుంది, 1998 డీఎస్సీ. క్వాలిఫై అయ్యాను, పోస్టు రాలేదు. ఇవాళ కాకపోతే రేపు అంటూ కేసులు, ధర్నాలు, వినతిపత్రాలు. చివరికి 2022లో మా బ్యాచ్‌ని మినిమం టైమ్ స్కేల్ మీద (అంటే రెగ్యులర్‌గా కాదు, స్కేలులోని కనీస జీతానికి కాంట్రాక్టు మీద) తీసుకుంటామని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ మరుసటి ఏడాది స్కూల్లో చేరేటప్పటికి నాకు 56. మా బ్యాచ్‌లో ఆ రోజు చూడకుండానే పోయినవాళ్లున్నారు.

కానీ నా బాధ ఉద్యోగం ఆలస్యంగా వచ్చిందని కాదు. 2000లో నా బీఈడీ స్నేహితుడు అమీర్‌పేటలో గది తీసుకుని, మైత్రీవనం దగ్గర జావా నేర్చుకుంటూ, "రారా, గది అద్దె నేను చూసుకుంటా, నీకు లెక్కలొచ్చు, ఆరు నెలల్లో ఉద్యోగంలో పడిపోతావు" అని ఉత్తరం రాశాడు. నేను వెళ్లలేదు. నేను ఊళ్లో లేనప్పుడు ఆర్డర్లు వస్తే? అదీ నా భయం. ఆ ఒక్క భయంతో ట్యూషన్లు చెప్పుకుంటూ ఉండిపోయాను. పాల డెయిరీలో లెక్కలు రాసే పని వస్తే అదీ వద్దన్నాను, "గవర్నమెంటు టీచర్ కాబోయేవాణ్ని" అని. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. పోస్టు రాకపోవడం నా చేతిలో లేదు, సరే. కానీ రోడ్డు పక్కన సంచి పట్టుకుని అన్నేళ్లు నిలబడింది మాత్రం నేనే కదా, ఎవరూ కట్టెయ్యలేదు.

స్కూల్లో పిల్లలు నన్ను తాత సార్ అంటారు. మొదట్లో కోపం వచ్చేది.

మీ నాన్నగారి గురించి నాకేం తెలుసు, చెప్పలేను. కౌన్సెలింగ్ గడువు మాత్రం చూసుకోండి. ఫీజు కట్టకపోతే సీటు పోతుంది, ఫ్లోట్ (ఈ సీటు ఉంచుకుని పై ఆప్షన్ కోసం చూడటం), ఫ్రీజ్ (ఇదే చాలనడం), ఏం పెట్టాలో అమ్మాయినే తేల్చుకోనివ్వండి.

రిటైర్డ్ మాస్టారు, నెల్లూరు:

అమ్మా, మీ నాన్నగారి వైపు నుంచి నేను మాట్లాడతాను, నేనూ అలాంటి తండ్రినే. 1992లో మా అమ్మాయికి బాపట్ల వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ అగ్రికల్చర్ సీటు వచ్చింది. "ఆడపిల్లకి పొలంలో పనేంటి" అన్నాను. పైకి అన్నది అది. లోపల ఉన్నవి చెప్పలేదు. మా తమ్ముడి పెళ్లికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. మా ఇంట్లో ఫోన్ లేదు, ఏదైనా అయితే ఎదురింటి నంబరుకి చెయ్యాలి, వాళ్లు పిలవాలి, మేం పరిగెత్తాలి. ఇక బంధువులు ఏమంటారో అన్నది సరేసరి. అప్పు సంగతి పిల్లల ముందు ఒప్పుకోవడం కంటే ఆడపిల్ల, పొలం అనడం తేలిక. అలా చేశాను. తప్పే.

అమ్మాయి ఇప్పుడు బెంగళూరులో ఉంది. మేడ మీద టమాటాలు, వంకాయలు, పొట్ల పాదు. పోయినసారి వెళ్లినప్పుడు చూశాను, ఒక్కో కుండీకి ఒక్కో చీటీ, విత్తనం పేరు, నాటిన తేదీ, ఎరువు వేసిన తేదీ. చేతిరాత చిన్నప్పటిదే. నేను చూస్తూ నిలబడ్డాను, అది నీళ్లు పోస్తూ ఉంది. అది అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. నా అంతట నేను చెప్పడానికి నోరు రాలేదు.

మీరు అడగండి. దెప్పినట్టు ఎందుకుంటుంది? మంచి కాఫీ ఇచ్చి, పక్కన కూర్చుని అడగండి. పెద్దగా మాత్రం అడగండి, మాకు చెవులు సరిగ్గా వినపడవు.

తెనాలి పిల్ల:

మాస్టారూ, మీ కుండీల చీటీల దగ్గర ఆగిపోయాను కాసేపు. మీరే ఒకసారి మీ అమ్మాయికి ఫోన్ చెయ్యకూడదూ?

98 బ్యాచ్ గారూ, నిన్న సాయంత్రం ఫీజు కట్టేశాం. అది ఫ్రీజ్ పెట్టేసింది. నేను నోరెత్తలేదు, ఎత్తితే ఏం వస్తుందో నాకే నమ్మకం లేదు.

నాన్న దగ్గరికి పొద్దున వెళ్లాను. అడుగుదామనే వెళ్లాను, కాఫీ కూడా నేనే కలిపాను. మనవరాలి సీటు సంగతి చెప్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, పేపరు మడిచి పెట్టారు. తర్వాత "సూరత్కల్‌కి ఏ రైలు, ఎక్కడ మారాలి?" అన్నారు. నాకు తెలియదన్నాను. కళ్లజోడు, పెన్ను తెమ్మన్నారు, ఫోన్లో చూసి చెప్పు, రాసుకుంటాను అన్నారు. పేర్లు, టైములు చెప్తూ కూర్చున్నాను, ఆయన క్యాలెండర్ వెనకాల రాసుకున్నారు. ఇక అడగబుద్ధి కాలేదు. ఆదివారం మళ్లీ వెళ్తాను.