అప్‌డేట్: కుటుంబ ప్రార్థన, మా పిల్లల గోల

రాత్రి కుటుంబ ప్రార్థనకు కూర్చోమంటే పిల్లలిద్దరూ ఏడుపు లంకించుకుంటున్నారు, బలవంతం చేయాలా అని అడిగాను కదా. మీలో చాలామంది చెప్పినట్టు సమయం మార్చాం. ఇప్పుడు భోజనానికి ముందే, పది నిమిషాలు. మార్కు సువార్త చదువుతున్నాం. 16 అధ్యాయాలే, పైగా కథ పరుగెడుతుంది. 4వ అధ్యాయంలో తుఫాను దగ్గర చిన్నది ఆపేసింది: "అంత గాలిలో యేసయ్యకి నిద్రెలా పట్టింది?" నాకు జవాబు తోచలేదు, వాళ్ల నాన్న నవ్వేశారు. కంఠత వాక్యానికి 117వ కీర్తన ఇచ్చాం. రెండే వచనాలు, బైబిల్లో అన్నిటికన్నా చిన్న అధ్యాయం. పెద్దోడు ఒక్క పూటలో అప్పజెప్పేసి సండే స్కూల్లో గొప్పలు పోయాడు. మోకాళ్ల మీదే ఉండాలన్న పట్టు మాత్రం మా అత్తయ్యగారు వదల్లేదు. ఆవిడతో మాట్లాడే పని మా ఆయనకే అప్పగించాను.