నార్త్ కరోలినాలో కొత్త సిటిజన్‌ని, ఓటరు ఫారంలో ఏ పార్టీ రాయాలి?

అందరికీ నమస్తే. మిషిగన్ నుంచి ఈ మధ్యే మోరిస్‌విల్‌కి మారాం. పోయిన వారం సిటిజన్‌షిప్ ప్రమాణం అయింది, బయటికి వస్తుంటే ఓటరు రిజిస్ట్రేషన్ ఫారం చేతిలో పెట్టారు. అందులో పార్టీ పేరు టిక్ పెట్టమని ఉంది. మిషిగన్‌లో ఇలాంటిది చూసిన గుర్తు లేదు. ఆఫీసులో ఒకాయన ఒక పార్టీ పేరు చెప్తాడు, గుళ్ళో కలిసినవాళ్ళు ఇంకో పార్టీ అంటారు, ఇంట్లో మా ఆవిడ అసలు ఇవన్నీ మనకెందుకు అంటోంది. ఏ పార్టీ రాయకపోతే ఓటు పోతుందా? అనుభవం ఉన్న అన్నలు, అక్కలు చెప్పండి.

———

కేరీ అక్క:

శుభాకాంక్షలు తమ్ముడూ. "అన్‌అఫిలియేటెడ్" అన్న చోట, అంటే ఏ పార్టీకీ చెందను అన్న చోట టిక్ పెట్టు. ఓటు ఎక్కడికీ పోదు.

నవంబరులో జరిగే అసలు ఎన్నికల్లో నువ్వు ఏ పార్టీ అని ఎవరూ అడగరు, అందరికీ ఒకటే బ్యాలెట్. తేడా వచ్చేది ప్రైమరీలో, అంటే నవంబరుకి ముందు ఒక్కో పార్టీ తన అభ్యర్థిని తేల్చుకునే ఎన్నికలో. ఇక్కడ డెమోక్రాట్‌గా నమోదైతే డెమోక్రటిక్ బ్యాలెట్టే చేతికిస్తారు, రిపబ్లికన్ అయితే రిపబ్లికన్ బ్యాలెట్టే. ఏ పార్టీ లేని మనల్ని మాత్రం టేబుల్ దగ్గర అడుగుతారు, ఏది కావాలి అని. ఒక్కటే తీసుకోవాలి. తీసుకున్నంత మాత్రాన ఆ పార్టీ మనిషివైపోవు, రికార్డులో అన్‌అఫిలియేటెడ్‌గానే ఉంటావు, తర్వాతి ప్రైమరీకి రెండో బ్యాలెట్ తీసుకోవచ్చు. 2022లోనే ఈ గుంపు డెమోక్రాట్లని దాటేసి రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్దదైంది, కాబట్టి గోడమీద పిల్లి అని ఎవరైనా వెక్కిరిస్తే పట్టించుకోకు.

మనూళ్ళలో బీ ఫారం ఎవరికివ్వాలో అధిష్ఠానం తేలుస్తుంది, మనం ఇచ్చినవాళ్ళలోంచి ఒకర్ని ఏరుకుంటాం. ఇక్కడ ఆ బీ ఫారం ఇచ్చేది ప్రైమరీకి వచ్చిన ఓటర్లు. వచ్చేదేమో కొద్దిమందే. నవంబరులో ఇద్దరిలో ఎవరూ నచ్చలేదు అని తల పట్టుకునే మనవాళ్ళని ప్రైమరీకి వెళ్ళారా అని అడిగి చూడు, ఎక్కువమంది అప్పుడేదో సాకర్ ప్రాక్టీస్ ఉండింది అంటారు.

నా సంగతి చెప్తాను, పార్టీ గీత దాటడం అంటే ఏంటో తెలుస్తుంది. నేను మామూలుగా రిపబ్లికన్ల వైపు మొగ్గేదాన్ని. చిన్న వ్యాపారాలకి అకౌంట్లు చూస్తాను, పన్నుల విషయంలో వాళ్ళ మాట నచ్చుతుంది, ఇందులో దాచేదేం లేదు. 2024 మార్చి 5 ప్రైమరీలో రిపబ్లికన్ బ్యాలెట్ తీసుకుని గవర్నర్‌కి డేల్ ఫోల్వెల్‌కి వేశాను. అప్పటికి రాష్ట్ర ట్రెజరర్ ఆయన, లెక్కల మనిషి. ప్రభుత్వ పాఠశాలల సూపరింటెండెంట్‌కి అప్పటికే ఆ పదవిలో ఉన్న క్యాథరిన్ ట్రూయిట్‌కి వేశాను. ఇద్దరూ పోయారు. గవర్నర్ టికెట్ మార్క్ రాబిన్సన్‌కి భారీ తేడాతో దక్కింది, ట్రూయిట్ మీద మిషెల్ మారో కొద్ది తేడాతో గెలిచింది.

మా పిల్లలు వేక్ కౌంటీ ప్రభుత్వ స్కూళ్ళలోనే చదివారు. మారో తన పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుంది, అది ఆవిడ ఇష్టం, కానీ ప్రభుత్వ స్కూళ్ళు పిల్లల బుర్రలు పాడుచేసే కేంద్రాలన్నట్టు మాట్లాడిన మనిషికి ఆ స్కూళ్ళన్నిటినీ అప్పగించడం నాకు మింగుడుపడలేదు. పైగా ఒబామాకి మరణశిక్ష వేయాలన్న పాత పోస్టులు బయటపడ్డాయి. అవతల డెమోక్రాట్ మో గ్రీన్ గిల్‌ఫర్డ్ కౌంటీ స్కూళ్ళని ఏళ్ళ తరబడి నడిపినాయన. రెండిట్లో ఏది ఉద్యోగం తెలిసిన బయోడేటానో చెప్పడానికి పార్టీ పేరు చూడక్కర్లేదు. గవర్నర్‌కి కూడా అంతే, జాష్ స్టైన్‌కి వేశాను. అప్పటికి అటార్నీ జనరల్ ఆయన. ఆయన విధానాల్లో నాకు నచ్చనివి బోలెడున్నాయి. కానీ యూదుల గురించి, ఆడవాళ్ళ గురించి రాబిన్సన్ పెట్టిన ఫేస్‌బుక్ పోస్టులు ప్రైమరీకి ముందే అందరూ చూసినవే. సెప్టెంబరులో సీఎన్ఎన్ ఆయన పాత ఆన్‌లైన్ రాతలంటూ ఇంకో కథనం వేసింది, అందులోవి తన మాటలు కావని ఆయన అన్నాడు. నేను ఆ కథనం కోసం ఆగలేదు, అప్పటికే తేల్చుకున్నాను.

ఇంతవరకు విని, అయితే అక్క పార్టీ మారిందన్నమాట అనుకోకు. అదే బ్యాలెట్ మీద ఇన్సూరెన్స్ కమిషనర్‌కి రిపబ్లికన్ మైక్ కాజీకే వేశాను. ఒక పెద్ద ఇన్సూరెన్స్ వ్యాపారి ఎన్నికల ఖర్చులకి డబ్బు ఎర వేసి పని చేయించుకోబోతే ఈయన ఎఫ్‌బీఐకి చెప్పి, వాళ్ళ కోసం సంభాషణలు రికార్డు చేశాడు. కేసులో మొదటి తీర్పు అప్పీలులో కొట్టేశారు, 2024లో రెండోసారి విచారించి జూరీ మళ్ళీ దోషే అంది. ఇంకోటి, 2024 మొదట్లో ఇన్సూరెన్స్ కంపెనీలు ఇళ్ళ ప్రీమియం సగటున 42.2 శాతం పెంచుతామని అడిగితే కాజీ ఒప్పుకోలేదు, బేరం సాగి సాగి 2025లో 7.5 శాతం, 2026లో 7.5 శాతం దగ్గర ఆగింది. రేపు నువ్విక్కడ ఇల్లు కొంటే ఆ బిల్లు నీ మెయిల్‌బాక్స్‌కే వస్తుంది. ఇండియాలో అయితే ఇలాంటి పదవికి ఎవరో ఐఏఎస్ ఆఫీసర్ వచ్చేవాడు. ఇక్కడ ఓటేసి ఎన్నుకుంటాం, పేరు కూడా చదవకుండా గుండ్రటి గడి నింపేసి వచ్చేస్తాం.

ఇదంతా నాకొక్కదానికే పుట్టిన బుద్ధి కాదు. 2024లో ఈ రాష్ట్రంలో ట్రంప్ సుమారు 3 శాతం తేడాతో గెలిచాడు, అదే రోజు, అదే కాగితం మీద స్టైన్ దాదాపు 15 శాతం తేడాతో గెలిచాడు. రాష్ట్రమంతా ఓటేసే కార్యనిర్వాహక పదవులు 10 ఉంటే 5 ఇటు, 5 అటు వెళ్ళాయి. మో గ్రీన్ గెలిచాడు, కాజీ గెలిచాడు. 2016లో, 2020లో కూడా పైన ట్రంప్, గవర్నర్‌గా డెమోక్రాట్ రాయ్ కూపర్. ఒకే గుర్తుతో పార్టీ మొత్తానికి గుద్దేసే సదుపాయం 2014 నుంచి ఇక్కడ లేదు, ఒక్కో పదవికీ విడిగా నింపాల్సిందే. మనవాళ్ళకిది కొత్తేం కాదు కదా, ఎంపీకి ఒకరికి, ఎమ్మెల్యేకి ఒకరికి వేసే క్రాస్ ఓటింగ్ చూస్తూనే పెరిగాం. తెలంగాణలో 2023 నవంబరులో కాంగ్రెస్‌ని గద్దెనెక్కించి, కొన్ని నెలలు తిరక్కుండానే లోక్‌సభకి కాంగ్రెస్‌కి 8, బీజేపీకి 8 ఇచ్చారు జనం. అక్కడ అంత లెక్కగా వేసినవాళ్ళు ఇక్కడికొచ్చేసరికి వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫోటో చూసి వేయడం ఏంటో నాకర్థం కాదు.

అన్నట్టు ఆ ఎన్నికలప్పుడు మన గ్రూపుల్లో ఒకటే గోల, ఉషా చిలుకూరి వాళ్ళది పశ్చిమ గోదావరి వడ్లూరు కాబట్టి వాన్స్ మన అల్లుడు అని ఒక పక్క, కమల వాళ్ళమ్మ చెన్నై ఆవిడ అని ఇంకో పక్క. అధ్యక్షుడికి నేనెవరికి వేశానో ఇక్కడ రాయను, రాస్తే ఈ థ్రెడ్ నీ ప్రశ్న వదిలేసి సంక్రాంతి దాకా సాగుతుంది.

ఇక కింద ఉండే పదవుల గురించి. రాష్ట్ర లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్ అంటే ఎవరికి పడుతుంది అనుకుంటాం. 2024 డిసెంబరులో, అంటే ఎన్నికలైపోయాక, గవర్నర్ వీటోని దాటి చట్టసభ ఒక చట్టం చేసింది. రాష్ట్ర ఎన్నికల బోర్డుని నియమించే అధికారం గవర్నర్ దగ్గర్నుంచి ఆడిటర్‌కి వెళ్ళిపోయింది. ఓటేసిన రోజు ఆ సంగతి మాకెవరికీ తెలీదు. రాష్ట్ర సుప్రీంకోర్టు సీటైతే ఆలిసన్ రిగ్స్ 734 ఓట్లతో గెలిచింది. 734! దీపావళి ఫంక్షన్‌కి అంతకన్నా ఎక్కువమంది వస్తారు. ఓడినాయన 60 వేల పైచిలుకు ఓట్లని సవాలు చేశాడు, 2025 మే దాకా తేలలేదు.

ఆ సవాలు నీకెందుకంటే, అందులో ఎక్కువ ఓట్ల మీద అభ్యంతరం ఒకటే, ఓటరు రికార్డులో డ్రైవింగ్ లైసెన్స్ నంబరు గానీ సోషల్ సెక్యూరిటీ చివరి 4 అంకెలు గానీ లేవని. కాబట్టి ఫారంలో ఆ గడి ఖాళీగా వదలకు. పేరు లైసెన్స్ మీద ఎలా ఉందో అచ్చం అలాగే రాయి. ఇంటిపేరు ముందా వెనకా, మధ్యలో నాన్నగారి పేరుందా, సగం పేరు ఇనీషియలా, ఇవి మన తెలుగువాళ్ళకి పుట్టుకతో వచ్చిన తిప్పలు, ఇక్కడ ఫోటో ఐడీ అడుగుతారు, టేబుల్ దగ్గర నిలబడి వాదించుకునే టెన్షన్ ఎందుకు.

ఇంకో సంగతి, నీ పార్టీ, నువ్వు ఏ ప్రైమరీలో ఏ బ్యాలెట్ తీసుకున్నావు అన్నది పబ్లిక్ రికార్డు. పేరు కొడితే ఆన్‌లైన్‌లో ఎవరికైనా కనపడుతుంది. ఎవరికి వేశావన్నది మాత్రం ఎవరికీ తెలీదు. మా వీధిలో ఒకావిడ నా రికార్డు చూసి "మీరు వాళ్ళ మనిషా" అని ఆశ్చర్యపోయింది, నవ్వేసి టీ ఇచ్చాను.

———

షార్లెట్ బాబాయి:

అమ్మాయీ, బాగా చెప్పావు గానీ ఒక మాట. పార్టీకి చందా కట్టని, జెండా మొయ్యని వాళ్ళు వచ్చి ఆ పార్టీ అభ్యర్థిని తేల్చడం న్యాయమా? అవతలివాళ్ళలో బలహీనుడికి ఓటేసి, నవంబరులో ఇటు దూకేవాళ్ళు లేరా? నేను మొదట్నుంచీ డెమోక్రాట్‌ని, అలాగే నమోదయ్యాను, దానికీ ఒక విలువుంది. పార్టీలో లేనివాడి మాట పార్టీ ఎందుకు వినాలి?

———

కేరీ అక్క:

బాబాయి గారూ, అలా దూకేవాళ్ళు ఉంటారు, కాదనను. బలహీనుడికి వేసే ఆట నాకు నచ్చదు, ప్రమాదం కూడా, ఎందుకంటే ఆ బలహీనుడే గెలిచి కూర్చుంటే నాలుగేళ్ళు మనమే భరించాలి. నేను వేసింది గెలిస్తే బాగుండు అనుకున్నవాళ్ళకే. ఫోల్వెల్ గనక నిలబడి ఉంటే నవంబరులో ఆయనకే వేసేదాన్ని. గీత దాటింది నేనే, కానీ అభ్యర్థిని మార్చింది వాళ్ళు.

న్యాయమా అంటే, ప్రైమరీ పెట్టేది ప్రజల డబ్బుతో, నా పన్నుతో. వేక్ కౌంటీలో కొన్ని సీట్లకి ప్రైమరీ గెలిస్తే నవంబరు గెలిచినట్టే. ఆ ఒక్క తలుపు దగ్గర నన్ను ఆపేస్తే ఇక నేను ఓటేసేది ఎక్కడ?

మీరన్న రెండో మాట మాత్రం ఒప్పుకుంటాను, తమ్ముడు కూడా వినాలి. అన్‌అఫిలియేటెడ్‌గా ఉంటే ఎన్నికల బోర్డులో కూర్చోనివ్వరు, ఆ సీట్లు రెండు పార్టీలవాళ్ళకే. పార్టీ పేర్లతో జరిగే ఎన్నికల్లో స్వయంగా పోటీ చేయాలంటే సంతకాలు పోగు చేసుకుంటూ తిరగాలి. రేపు నీకు పార్టీ రాజకీయాల్లో దిగాలని, పార్టీలో పని చేయాలని ఉంటే బాబాయి గారి దారే సరైంది. ఇంకో చిన్న మెలిక, ప్రైమరీలో ఎవరికీ 30 శాతం దాటకపోతే రెండో ప్రైమరీ రావచ్చు. మొదటిసారి ఒక పార్టీ బ్యాలెట్ తీసుకుంటే రెండోసారి అవతలి పార్టీది ఇవ్వరు.

———

డల్లాస్ అన్న:

ఇది చదివి మిగతా రాష్ట్రాలవాళ్ళు తప్పుదోవ పట్టకుండా చెప్తున్నా. మా టెక్సాస్‌లో రిజిస్ట్రేషన్‌లో పార్టీయే ఉండదు. న్యూజెర్సీలో ఏ పార్టీ లేకుండా ఉండి ప్రైమరీకి వెళ్తే ఆ పార్టీలో చేర్చేస్తారు. పెన్సిల్వేనియాలో పార్టీ రాయకపోతే పార్టీ ప్రైమరీకి రానివ్వరు. అక్క చెప్పింది మీ రాష్ట్రానికి.

———

మోరిస్‌విల్ తమ్ముడు:

చాలా థ్యాంక్స్ అక్కా, అందరికీ. అన్‌అఫిలియేటెడ్ అని రాసి పంపేస్తున్నా. చివరిగా ఒక డౌటు. మా ఆవిడది ఇంకా గ్రీన్ కార్డే. వచ్చే వారం లైసెన్స్ కోసం డీఎంవీకి వెళ్తోంది, అక్కడ కూడా ఓటుకి నమోదు చేసుకుంటారా అని అడుగుతారట కదా, ఇద్దరిదీ ఒకేసారి అయిపోతుందని...

———

కేరీ అక్క:

వద్దు తమ్ముడూ! గ్రీన్ కార్డుతో ఓటుకి నమోదు కావడం కుదరదు, ఓటేయడం నేరం, దేశం నుంచి పంపించేసే దాకా పోవచ్చు. రేపు తను సిటిజన్‌షిప్‌కి పెట్టుకునే ఎన్-400లో ఎప్పుడైనా ఓటుకి నమోదయ్యారా, ఓటేశారా అని సూటిగా అడుగుతారు. "పొరపాటున టిక్ పెట్టాను" అంటే అక్కడ ఎవరూ జాలిపడరు. కౌంటర్‌లో అమ్మాయి గబగబా అడిగితే తనూ గబగబా "యెస్" అనకుండా "నో, నాట్ ఎ సిటిజన్" అని గట్టిగా చెప్పమను. సంతకం పెట్టే ముందు స్క్రీన్ మీద ఆ గడిలో ఏముందో ఒకసారి చదువుకోమను. కుదిరితే నువ్వూ పక్కన ఉండు.